పద్దెనిమిది సెకన్లలో పోయిన దేవత

"అయిపోయిందా?" అన్నాడు బావ, చేతిలో డైస్ అలాగే పట్టుకుని.

అయిపోయింది. బల్ల మీద వాళ్ళ పాప రబ్బరు డైనోసార్ పక్కకి ఒరిగి పడుంది. దానికున్న ఒక్క తలకి తోడుగా నేను అట్టముక్కలు కత్తిరించి అంటించిన నాలుగు తలల్లో రెండు ఊడిపోయాయి. అదే తియామత్, అయిదు తలల డ్రాగన్ దేవత. మూడున్నరేళ్ళ పాటు ప్రతి శనివారం రాత్రీ ఆమె పేరు చెప్పి వీళ్ళని భయపెట్టాను. తీరా ఎదురుపడితే మూడో రౌండులో పోయింది. ఈ ఆటలో రౌండంటే ఆరు సెకన్లు. మొత్తం పద్దెనిమిది సెకన్లన్నమాట.

ఎవరూ కేకలు పెట్టలేదు. చప్పట్లూ లేవు. ఫైటర్ ఆడే నా రూమ్మేట్ ఫోన్ తీసి, "మామా, బిర్యానీ పెట్టేయనా?" అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చారు. ఒకడు కథ నడుపుతాడు, వాణ్ణి డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎం అంటారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర ఆడతారు. అంతా మాటల్లోనే. అనుకున్న పని కుదిరిందో లేదో ఇరవై ముఖాల డైస్ తేలుస్తుంది. ఒకటో లెవెల్లో ఎలకల చేతిలో కూడా చచ్చే పాత్రలు ఇరవయ్యో లెవెల్‌కి వచ్చేసరికి ఆకాశం నుంచి ఉల్కలు దింపుతాయి. అంత పెద్దవాళ్ళయ్యాక వాళ్ళ మీదికి ఎవర్ని దింపాలి? ప్రతి డీఎంకీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. ప్రతి డీఎంకీ ఒకే జవాబు తడుతుంది: దేవుణ్ణి.

కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌లో నలుగురు ఆడేవాళ్ళు. పాలడిన్, అంటే ప్రమాణం పట్టిన వీరుడు, మా మేనత్త కొడుకు, నాకు బావ. ఫైటర్ రూమ్మేట్. విజర్డ్, అంటే మంత్రగత్తె, ఆఫీసులో నా జూనియర్, ప్రతిదానికీ నోట్‌బుక్ తీసే అమ్మాయి. క్లెరిక్, అంటే దేవుడి పూజారి, మా టీమ్ లీడ్. పగలంతా నేను ఆయన్ని "సార్" అనాలి, శనివారం రాత్రి ఆయన నన్ను "డీఎం గారూ, ఒక్క చాన్స్" అని బతిమాలాలి. ఆ ఒక్క కారణానికే ఈ ఆట నాకు ఇష్టమని మావాళ్ళు అంటుంటారు. పూర్తిగా అబద్ధం కాదు.

తియామత్‌ని నేను ఊరికే తీసుకోలేదు. ఆ పేరు బాబిలోనియా పురాణంలోది, అక్కడ మార్దుక్ ఆమెని చంపి ఆమె దేహంతో భూమ్యాకాశాలు చేస్తాడు. అయిదు రంగుల అయిదు తలలు మాత్రం ఈ ఆటవాళ్ళు పెట్టినవి. 2014లో వచ్చిన ద రైజ్ ఆఫ్ తియామత్ అనే సాహసగాథలో ఆమెకి అంకెలన్నీ ఇచ్చారు. హిట్ పాయింట్లు, అంటే ప్రాణం లెక్క, 615. కవచం 25. ఆరో స్థాయి వరకు ఏ మంత్రమూ ఆమె ఒప్పుకోకపోతే ఆమె మీద పనిచేయదు. మంత్రాన్ని తప్పించుకోలేకపోయినా, తప్పించుకున్నట్టే తేల్చుకునే హక్కు రోజుకి అయిదుసార్లు. రౌండుకి 30 పాయింట్లు తిరిగి పుట్టుకొస్తాయి. ఎర్ర తల ఒక్కసారి మంట ఊదితే ఆరు ముఖాల డైస్ 26 వేయాలి, సగటున 91 దెబ్బ. ఆ పేజీ చదివినప్పుడు వీళ్ళు బతకరని నిజంగా బాధపడ్డాను.

ఇక జరిగింది చూడండి. ముందు రోజు రాత్రే క్లెరిక్ అందరికీ వీరుల విందు పెట్టేశాడు, ఆ మంత్రంతో భయం అన్నది సోకదు. ఆమెని చూస్తేనే గుండె జారిపోవాలన్న శక్తి అక్కడితో సున్నా. విజర్డ్ ఉల్కలు దింపింది. మంట ఆమెకి తగలదు, కానీ ఉల్క అంటే రాయి కూడా కదా, ఆ సగం తగిలింది. ఫైటర్ ఒక్క రౌండులో ఎనిమిది వేట్లు వేశాడు. తర్వాత బావ.

బావకి ఇరవై పడింది. క్రిట్.

ఇక్కడ నేను చూసుకోని చిన్న అక్షరం ఒకటుంది. తియామత్ డ్రాగన్ రాణే, కానీ పుస్తకంలో ఆమె జాతి డ్రాగన్ అని లేదు, ఫీండ్ అని ఉంది. నరకలోక జీవి అనుకోండి. పాలడిన్ దైవశక్తి దెబ్బకి ఫీండ్ల మీద అదనపు డైస్ వస్తుంది. వాడి చేతిలో ఉన్న హోలీ అవెంజర్ కత్తికీ ఫీండ్ల మీదే అదనం. క్రిట్ పడితే ఈ డైస్ అన్నీ రెట్టింపు. ఎనిమిది ముఖాల డైస్ ఇంట్లో ఉన్నవి అయిదే, అవే ఏరి ఏరి మళ్ళీ వేశాడు. విజర్డ్ నోట్‌బుక్‌లో కూడుతూ పోయింది. ఒక్క వేటుకి 118. ఆమెని ఓడించింది శౌర్యం కాదు, జాతి కాలమ్.

నా తప్పులూ ఉన్నాయి. ఎగిరే దేవతని నేల మీద నిలబెట్టాను. ఒంటరిగా నిలబెట్టాను. ఆమెకి రౌండుకి ఒక వంతు, అవతల నలుగురికీ నాలుగు. ఆ లోటు పూడ్చడానికే వాళ్ళ వంతుల మధ్యలో ఆమె చేయగల పనులు అయిదు ఇచ్చారు. టెన్షన్‌లో వాటిలో సగం మర్చిపోయాను. పుస్తకం పక్కనే ఉంది.

తర్వాత వారం పాత పుస్తకాలు తిరగేశాను. ఈ తలనొప్పి నాకొక్కడికే కాదని తెలిసి కాస్త ఊరట కలిగింది. 1976లోనే దేవుళ్ళకి అంకెలిస్తూ ఒక అనుబంధ పుస్తకం వచ్చింది. దాని ముందుమాట రాసిన టిమ్ కాస్క్ ఉద్దేశం వేరు. పెద్దదేవుడు ఓడిన్‌కే 300 హిట్ పాయింట్లుంటే, నలభై పైచిలుకు లెవెల్ మనిషిని ఎవరు సీరియస్‌గా తీసుకుంటారని ఆయన ప్రశ్న. దేవుడి కొలత చూసైనా ఆటగాళ్ళు సిగ్గుపడతారనుకున్నాడు పాపం. అంకె కనబడ్డాక సిగ్గుపడే ఆటగాణ్ణి నేనింతవరకు చూడలేదు. 300 అని రాశావంటే, 301 ఎలా కొట్టాలా అని ఆలోచిస్తాడు. 1978లో లోల్త్ అనే సాలీడు దేవతకి ఇచ్చింది 66. ఇప్పటి లెక్కలో మా బావ ఒక్కడే టీ తాగుతూ చంపేస్తాడు.

1980 నాటి పుస్తకంలో మనవాళ్ళు కూడా ఉన్నారు. ఇంద్రుడు, వరుణుడు, యముడు, అందరికీ కవచం ఇంత, హిట్ పాయింట్లు ఇన్ని అని పట్టికలు. పక్క పేజీల్లో గ్రీకుల దేవరాజు జ్యూస్‌కి 400. జ్యూస్ దగ్గర నాకేమీ అనిపించలేదు. ఇంద్రుడి దగ్గరికి వచ్చేసరికి ఎవరో మా తాతగారి ఆధార్ కార్డు అడిగినట్టు అనిపించింది. పెద్ద భక్తుణ్ణేం కాదు, అయినా ఆ పేజీ తిప్పేశాను. మన దేవుళ్ళని నా బల్ల మీదికి తేలేదు, తేను.

ఆ ఆదివారం బావకి ఫోన్ చేశాను. తెనాలి దగ్గర పల్లెలో పెరిగాడు, చిన్నప్పుడు రాత్రిళ్ళు స్టేజి నాటకాలు చూస్తూ చాప మీదే నిద్రపోయేవాడు.

"ఏరా, ఫీలయ్యావా?" అన్నాడు.

"లేదు బావా. అంత సులువుగా పోతుందనుకోలేదు."

"సులువుగా పోయినందుకు కాదురా. నాకు ఆవిడ మీద కోపమే లేదు, చంపాలి కాబట్టి చంపాను. మా ఊళ్ళో గయుడి నాటకం ఆడేవాళ్ళు, గుర్తుందా? అర్జునుడు, కృష్ణుడు ఎదురెదురుగా నిలబడి పద్యాలందుకుంటే జనం లేచి నిలబడేవాళ్ళు. ఎవరు గెలవాలో ఎవడికీ తెలిసేది కాదు. అదిరా యుద్ధమంటే."

గయుడి కథ అందరికీ తెలిసిందే. తెలియక చేసిన తప్పుకి కృష్ణుడు చంపుతానని ప్రతిజ్ఞ చేస్తాడు. గయుడు పరిగెత్తుకెళ్ళి అర్జునుడి కాళ్ళ మీద పడతాడు. ఎవరి నుంచి కాపాడాలో అడక్కుండానే అర్జునుడు అభయమిచ్చేస్తాడు. ఆ తర్వాత తెలుస్తుంది అవతల ఉన్నది బావ అని.

ఫోన్ పెట్టేసి చాలాసేపు నవ్వుకున్నాను. మా బావ తన గొయ్యి తనే తవ్వి, పార నా చేతికిచ్చాడు.

పుస్తకం ప్రకారం తియామత్ సున్నాకి వచ్చినా చావదు. ఆ దేహం పోతుంది, ప్రాణశక్తి నరకలోకపు మొదటి అంతస్తు అవెర్నస్‌కి వెళ్ళిపోతుంది. కాబట్టి కథ తెగిపోలేదు. ఆరు వారాల తర్వాత మళ్ళీ కూర్చున్నాం. యుద్ధం జరిగిన చోట బూడిదలో ఒక గుడ్డు దొరికిందని చెప్పాను. గుడ్డు పగిలి అరచేతిలో పట్టేంత డ్రాగన్ పిల్ల బయటికొచ్చింది, ఒకే తల, వణుకుతోంది. బావ వెంటనే, "భయపడకు, నేనున్నాను" అన్నాడు. పాత్ర గొంతులోనే అన్నాడు. నేను తల వంచుకుని రాసుకున్నాను, మొహం చూస్తే పట్టేస్తాడని.

తర్వాతి వారం పిల్ల కోసం ఒకాయన వచ్చాడు. ముసలాయన, చుట్టూ ఏడు పసుపు పిట్టలు. ఆట తెలిసినవాళ్ళకి ఇది చాలు. బహముత్, మంచి డ్రాగన్ల దేవుడు, మారువేషంలో ఇలాగే తిరుగుతాడు. ఆ ఏడు పిట్టలూ ఏడు బంగారు డ్రాగన్లు. ఈ పేరు కూడా అరువే, అరబ్బుల పాత కథల్లో బహముత్ అంటే లోకాన్ని మోసే మహామత్స్యం. మా బావ పాలడిన్ మొదటి రోజు నుంచి మొక్కేది ఈయనకే.

"ఆ పిల్ల బతికుంటే తియామత్ దాని గుండా తిరిగొస్తుంది. ఇచ్చెయ్" అన్నాడు ముసలాయన. "వచ్చే పౌర్ణమి దాకా గడువు."

బల్ల మీద కాసేపు చప్పుడు లేదు. తర్వాత బావ కుర్చీ వెనక్కి జరిపి, "ఒరేయ్, నన్ను అర్జునుణ్ణి చేశావురా!" అని అరిచాడు. లోపల గదిలో నిద్రపోతున్న పాప లేచింది. మా అక్క, అంటే బావ భార్యని మేమందరం అలాగే పిలుస్తాం, వచ్చి అందర్నీ ఒక చూపు చూసి వెళ్ళింది.

అక్కడి నుంచి మూడు శనివారాలు పిల్లని దాచడమే ఆట. దీనికి ఈ ఆట పాత రూపమైన మూడో ఎడిషన్ నుంచి ఒక సూత్రం ఎత్తుకొచ్చాను. 2002లో వచ్చిన డైటీస్ అండ్ డెమిగాడ్స్‌లో దేవుళ్ళకి సున్నా నుంచి మొదలయ్యే హోదాలున్నాయి. హోదాని బట్టి వాళ్ళకి ఎంత దూరం తెలుస్తుందో కూడా రాశారు. చిన్న దేవుడికి తన పరిధిలో జరిగే సంగతి 500 మందినైనా తాకితేనే దానంతటదే తెలుస్తుంది. మధ్యస్థ దేవుడికి జనం లెక్క అక్కర్లేదు, జరిగిపోయింది కూడా వారాల వెనక్కి తెలుస్తుంది. పెద్ద దేవుళ్ళకి జరగబోయేదీ తెలుస్తుంది. ఆ మొత్తం పుస్తకంలో నాకు దేవుడంటే ఇదే అనిపించిన ముక్క అది. ఎంత దెబ్బ కొట్టగలడన్నది ఎవడికి కావాలి?

వీళ్ళకి ఆ సూత్రం చెప్పలేదు. పిల్లతో పల్లెల్లో ఉన్నంతకాలం ఏమీ కాలేదు. సంతకి వెళ్ళారు, పిల్ల సంగతి జనంలో పాకింది, సాయంత్రానికి సత్రం కప్పు మీద పసుపు పిట్ట వాలింది. మళ్ళీ పల్లెకి పారిపోయారు, పిట్ట లేదు. ఇంకో ఊళ్ళో జాతర, పిట్ట. రెండో శనివారం అర్ధరాత్రి విజర్డ్ నోట్‌బుక్ నా వైపు తిప్పింది. ఎడమవైపు ఊళ్ళ పేర్లు, కుడివైపు నేనెప్పుడో మాటల్లో చెప్పిన జనాభాలు, పిట్ట కనబడ్డ చోట టిక్కు.

"అన్నా, ఇది దైవజ్ఞానం కాదు. జనాభా లెక్క. అయిదొందలు దాటకూడదు. కదా?"

నేనేమీ అనలేదు. నా మొహమే చెప్పేసిందట.

మూడున్నరేళ్ళలో నేను డీఎంగా అంత గర్వపడ్డ క్షణం ఇంకోటి లేదు, ఆ పని చేసింది ఆ అమ్మాయే అయినా.

పౌర్ణమి వచ్చింది. ఈసారి బహముత్‌కి పేజీ లేదు. కవచం లేదు, హిట్ పాయింట్లు లేవు. ఒక కార్డు మీద మూడు వాక్యాలు రాసుకుని బోర్లా పెట్టుకున్నాను. ఆయన ముందుగా చెయ్యెత్తడు. ఆయన్ని ఎవరు కొట్టినా దెబ్బ తగులుతుంది, తగిలినప్పుడల్లా ఒక పిట్ట రాలుతుంది. ఏడో పిట్ట రాలితే ఆయన ఈ లోకం వదిలి వెళ్ళిపోతాడు, రేపు తియామత్ వస్తే అడ్డుకునే దేవుడుండడు.

కళ్ళం దగ్గర ముసలాయన వచ్చి నిలబడ్డాడు. మొదట వాదన. "ఆయనిచ్చిన బలంతోనే ఆయన మీదికి వెళ్తావా?" అని క్లెరిక్ బావని అడిగాడు. బావ రూల్‌బుక్ తెరిచాడు. మేం ఆడే 2014 నాటి ఎడిషన్లో పాలడిన్ శక్తికి మూలం అతను పట్టిన ప్రమాణం, ఏ దేవుడికీ మొక్కకపోయినా పాలడిన్ పాలడినే. ఆ పేరా గట్టిగా చదివి, "నా బలం నా మాటది స్వామీ. మీరు వెనక్కి తీసుకోలేరు" అన్నాడు. రూల్‌బుక్ చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుందని నాకెవరైనా ముందు చెప్పుంటే నవ్వేవాణ్ణి.

తర్వాత కత్తి దూశాడు. డైస్ వేశాడు. నాలుగు పడింది.

"తగిలింది" అన్నాను.

"నాలుగుకా?"

"తగిలింది బావా. దెబ్బ లెక్క వద్దు. ఒక పిట్ట కింద పడింది. పడగానే దాని అసలు రూపం వచ్చింది. ఆరో లెవెల్లో మీరు మంచులో గడ్డకట్టి పోతుంటే రెక్క కింద పడుకోబెట్టుకున్న డ్రాగన్ అది."

రూమ్మేట్ ఎనిమిది వేట్లకి సిద్ధంగా డైస్ గుప్పిట్లో పెట్టుకుని ఉన్నాడు. మెల్లగా డబ్బాలో వేసేశాడు. బావ మాత్రం ఆ నాలుగు పడ్డ డైస్‌ని ముట్టుకోలేదు, అలా చూస్తూ ఉండిపోయాడు.

క్లెరిక్‌కి ఇరవయ్యో లెవెల్లో తన దేవుణ్ణి పిలిచే హక్కుంది. పదో లెవెల్లో వందకి పది చాన్సు, ఇరవైలో తప్పకుండా పలుకుతాడు. అది వాడతాడని తెలుసు, దేవుడి మీదికి దేవుణ్ణి దింపుతాడని భయపడుతూనే ఉన్నాను. మా సార్ గొంతు సవరించుకుని, "నా దేవుణ్ణి పిలుస్తున్నా. యుద్ధానికి కాదు. వచ్చి పెద్దమనిషిగా మధ్యలో కూర్చోమని" అన్నారు. ఆఫీసులో రెండు టీముల గొడవ తీర్చేటప్పుడు ఆయన వాడే గొంతే.

దీనికి నేను సిద్ధంగా లేను. పది నిమిషాలు బ్రేక్ అడిగి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. తిరిగొచ్చి పంచాయితీ పెట్టాను. మాటల్లో తేలిందేమిటంటే, తియామత్ ఆ పిల్లని చేరడానికి కావలసింది ఒక్కటే, దాని పేరు. పేరు పెట్టిన రోజున ఆమెకి దారి తెరుచుకుంటుంది. పేరు ఎవరికీ తెలియకుండా ఉంచగలిగితే బహముత్ వెనక్కి తగ్గుతాడు.

అందరూ విజర్డ్ వైపు చూశారు. విష్ మంత్రం ఒక్కటే అంత పని చేయగలదు. కానీ దాన్ని మరో మంత్రానికి నకలుగా కాక ఇలా సొంత కోరికకి వాడితే, జీవితంలో మళ్ళీ ఆ మంత్రం వేయలేకపోయే ప్రమాదం నూటికి 33. అమ్మాయి రెండు నిమిషాలు కూర్చుని కోరికని నోట్‌బుక్‌లో రాసుకుంది, కొట్టేసి మళ్ళీ రాసుకుంది. లొసుగు లేకుండా వరం అడగడమెలాగో మన పురాణాలు విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. చివరికి చదివింది: "ఈ పిల్ల పేరు ఏ దేవుడికీ, ఏ దేవతకీ ఎన్నటికీ తెలియకూడదు."

నూటికి లెక్క తేల్చే డైస్ వేసింది. 31.

నోట్‌బుక్‌లో విష్ అని ఉన్న చోట స్కేలు పెట్టి నీట్‌గా ఒక గీత గీసింది. ముసలాయన రాలిన పిట్టని చేతుల్లోకి తీసుకుని, ఆరు పిట్టలతో వెళ్ళిపోయాడు. టైమ్ రెండున్నర. ఆ రాత్రి బిర్యానీ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఇప్పుడు కొత్త పాత్రలతో ఒకటో లెవెల్ నుంచి ఆడుతున్నాం, మళ్ళీ ఎలకలే. బావకి మాత్రం ఆ పిల్ల మీద మనసు పోలేదు. దానికి పేరు పెట్టాలంటాడు. పెడితే నాకు తెలుస్తుంది బావా, ఆ లోకంలో దేవుళ్ళందరూ నేనే కదా, మంత్రం ఒప్పుకోదంటాను. అయినా వారానికొకటి వాట్సాప్‌లో పంపుతాడు. చదవకుండా డిలీట్ చేస్తున్నాను. నిన్న రాత్రి పదకొండింటికి వాయిస్ మెసేజ్ పెట్టాడు, ఇంకా తెరవలేదు.